రెండు మేకుల దూరం

మా అమ్మాయి కొత్తగా పెట్టుకున్న తోలుపనుల కొట్టుకి బుధవారం మధ్యాహ్నం మొదటిసారి వెళ్ళాను. లోపలికి అడుగు పెట్టగానే గోడ మీద రెండు మేకులు ఖాళీగా కనిపించాయి.

"ఇవేమిటే? ఎవరి తలకైనా గుచ్చుకుంటే?" అన్నాను.

అవి నా తలకంటే మూరెడు ఎత్తున ఉన్నాయి. అయినా అన్నాను. ఏ వస్తువును చూసినా దానివల్ల జరగబోయే చెడు ముందు కనిపిస్తుంది నాకు. వస్తువు ఆ తరవాత కనిపిస్తుంది.

"నా కొట్టుకి జిరాఫీలు రావులేమ్మా," అంది అది, సంచీ పిడి కుడుతూ తలెత్తకుండానే.

దానికిప్పుడు ఇరవై ఏడేళ్ళు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదని పిచిక అని పిలిచాం, ఆ పిలుపే నిలిచిపోయింది. నా కుట్టుమిషన్ పని నేర్చుకోవే అంటే, "గుడ్డ జారిపోతుందమ్మా, తోలైతే మాట మీద నిలబడుతుంది," అని వాళ్ళ తాత పని పట్టుకుంది. తాతంటే మా నాన్న. సంచులు, బెల్టులు, పెట్టెల పట్టీలు కుట్టేవాడు. ఆయన పనిముట్లన్నీ ఆ గోడ మీదే ఉన్నాయి. అర్ధచంద్రం కత్తి, రంధ్రాలు పొడిచే ఆరె, చెక్క సుత్తి, చేతి చెమటకి నల్లబడిన మైనం ముద్ద. వాటి పక్కనే ఈ రెండు మేకులు, ఒకదానికొకటి బారెడు దూరంలో.

"తాతయ్య పిస్తోలుకొకటి, దాని ఒరకొకటి," అంది పిచిక.

బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాను.

"అది... కంపెనీ వాళ్ళు పట్టుకుపోయారుగా?"

"పట్టుకుపోతే అడగకూడదా? ఆ నాటకాల కంపెనీ పెద్దాయన మనవరాలి నంబరు దొరికింది. ఆదివారం రమ్మంది. ఇచ్చిన వస్తువును మళ్ళీ ఎందుకు పట్టుకెళ్ళారో ముఖం మీదే అడుగుతాను. ఎంత అడిగితే అంత ఇచ్చి తెచ్చుకుంటాను."

"ఆవిడని నొప్పించకే."

"వాళ్ళు నన్ను నొప్పించలేదూ?"

ఏదో ఒకటి అనాలి కాబట్టి అడిగాను. "రెండింటికీ రెండు మేకులెందుకు? ఒరలో పెట్టి తగిలిస్తే పోదూ?"

పిచిక పని ఆపి నా వైపు వింతగా చూసింది. "అదేంటమ్మా, తాతయ్య అన్నిసార్లు చెప్పేవాడు కదా! తోలు గాల్లో తడిని పీలుస్తుంది. దాన్లో ఇనుముని మూసిపెట్టామంటే తుప్పు పట్టి చస్తుంది. బయటికి వెళ్ళేటప్పుడే ఒర. ఇంట్లో ఉన్నప్పుడు ఎవరి చోటు వాళ్ళది."

గ్లాసు కింద పెట్టేశాను. పొయ్యి మీద పాలు పెట్టొచ్చానని అబద్ధమాడి బయటపడ్డాను.

ఆ పిస్తోలుని ఎవరూ పట్టుకుపోలేదు. పదిహేడేళ్ళుగా నా ట్రంకుపెట్టె అడుగున ఉంది. ఒరలోనే ఉంది.

*

అది నిజం పిస్తోలు కాదు. పాత వస్తువులు పోగుచేసేవాళ్ళ కోసం నూరేళ్ళ కిందటి తీరులో చేసిన నకలు. గొట్టంలో సీసం పోసి మూసేశారు. తూటా పట్టదు, పేలదు. ట్రిగ్గర్ నొక్కితే వెనకనున్న చిన్న సుత్తి 'టిక్' మంటుంది, అంతే. కానీ ఆ చెక్క పిడి, నీలం కలిసిన నల్లటి గొట్టం, ఆ బరువు చూస్తే తెలియనివాడి గుండె ఆగుతుంది. తెలిసిన నాకే ఆగేది.

నాన్న కొట్టుకెదురుగా నాటకశాల ఉండేది. కంపెనీ పెద్దాయన దుష్టుడి వేషం వేసినప్పుడల్లా నడుముకి ఆ పిస్తోలు కట్టేవాడు. ఒకరోజు ఆట మధ్యలో పాత ఒర తెగి, పిస్తోలు జారి వేదిక మీద దొర్లుకుంటూ కథానాయిక కాళ్ళ దగ్గర ఆగిందట. ఆవిడ తీసి ఎంతో మర్యాదగా, "మీది పడిపోయిందండీ," అని చేతికిచ్చిందట. జనం నవ్వి నవ్వి ఆట ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆయన నాన్న దగ్గరికొచ్చి, "నా పరువు కాపాడే ఒర ఒకటి చెయ్యవయ్యా," అన్నాడు.

ఆ ఒర చెయ్యడం నేను చూశాను. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. నాన్న తోలుని నీళ్ళలో నానబెట్టాడు. పిస్తోలుకి పలచటి నూనెకాగితం చుట్టి, దాని మీద తడితోలు పరిచి బొటనవేళ్ళతో నొక్కాడు. గొట్టం అంచు, పిడి మలుపు, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియం, అన్నీ తోలులోకి దిగేదాకా నొక్కుతూనే ఉన్నాడు. నీడలో రెండు రోజులు ఆరాక చూస్తే, లోపల పిస్తోలు లేకపోయినా ఉన్నట్టే కనిపించింది ఆ ఒర.

కంపెనీ మూతపడిన రోజు పెద్దాయన పిస్తోలు తెచ్చి నాన్న బల్ల మీద పెట్టాడు. "ఈ ఒర దీనికి తప్ప దేనికీ పట్టదు. రెండింటినీ విడదీసిన పాపం నాకెందుకు? నీ దగ్గరే ఉంచుకో," అని వెళ్ళిపోయాడు.

నాకు పెళ్ళయ్యాక కూడా నాన్న మాతోనే ఉన్నాడు. నెలలో మొదటి ఆదివారం పొద్దున కిటికీ పక్కన పేపరు పరిచి ఆ రెండింటినీ తీసేవాడు. పిచిక పక్కన చేరేది. చేతి చెమటలో ఉప్పుంటుంది, వేలిముద్ర పడ్డచోటే తుప్పు మొదలవుతుంది అనేవాడు. అందుకని ఉతికిన పాత సాక్సులు చేతులకి తొడుక్కోవాలి. నాన్నవి బూడిదరంగువి. పిచిక చేతులకి అవే మోచేతుల దాకా వచ్చేవి. నేను మిషన్‌కి వేసే నూనె సీసా తెచ్చి గుడ్డ మీద ఒకే ఒక్క చుక్క వెయ్యాలి.

"రెండు చుక్కలేస్తే ఏమవుతుంది తాతయ్యా?"

"ఎక్కువైన నూనె దుమ్ముని పిలుస్తుంది. దుమ్ము తడిని పిలుస్తుంది. చుట్టాల్లాగ, ఒకళ్ళొస్తే అందరూ దిగుతారు."

ఒరకి నూనె ముట్టించేవాడు కాదు. పొడిగుడ్డతో తుడిచి, ఏడాదికోసారి మైనం పలచగా రాసి, లోపల కాగితం ఉండలు దూర్చి విడిగా వేలాడదీసేవాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, "గొట్టం పిల్లవైపు తిప్పకు నాన్నా," అంటూ ఉండేదాన్ని.

"సీసం పోసి ఉందే ఉలుకుపిల్లా!" అనేవాడు. నన్ను అలాగే పిలిచేవాడు.

ఆ సీసం కరిగిపోతే? అనుకునేదాన్ని నేను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఒర బయట పిస్తోలు కనిపిస్తే నాకు కట్టు విప్పిన కుక్కని చూసినట్టుండేది. ఒరలో పెట్టి పట్టీ బిగిస్తేనే ఊపిరి ఆడేది. నాన్న విడివిడిగా ఉంచడం ఎందుకో ఎన్నిసార్లు చెప్పినా, నా చెవికెక్కింది పిస్తోలు బయటుందన్న మాటొక్కటే.

*

పోయే ముందు నాన్న దాన్ని పిచికకిచ్చాడు. మాటల్తోనే ఇచ్చాడు, నా ఎదురుగానే. అప్పుడు దానికి పదేళ్ళు.

ఆయన పోయిన నెలకి, ఒక సాయంత్రం మిషన్ మీద కూర్చుని కిటికీలోంచి చూస్తే, పిచిక వీధిలో నడుస్తోంది. నడుముకి ఒర. చేతులకి సాక్సులు. మూల కొట్టువాడి ముందు ఆగి పిస్తోలు తీసి చూపించింది. వాడి చేతిలోని పిప్పరమెంటు బిళ్ళల గాజు జాడీ జారి భళ్ళున పగిలింది. ఆ చప్పుడుకి కూడలిలో నిలబడ్డ పోలీసు అటు తిరిగాడు, చెయ్యి నడుము మీదికి పోయింది.

అంతే జరిగింది. పోలీసు రెండడుగులు వేసి, పిల్లని చూసి, నవ్వి వెళ్ళిపోయాడు. కానీ నేను చూసింది వేరు. ఆ రెండడుగుల్లో మా పిల్ల వీధిలో పడిపోవడం, నేను పరుగెత్తడం, నా చేతులు తడవడం, అన్నీ చూసేశాను. ఇప్పటికీ చూస్తూనే ఉంటాను.

మర్నాడు అది బడికి వెళ్ళగానే పిస్తోలుని ఒరలో దూర్చాను. పట్టీ బిగించాను. ఊడిపోతే? అనిపించింది. కోట్లకి గుండీలు కుట్టే గట్టిదారం, పెద్ద సూది తీసి ఒర మూతని అడుగుకి కలిపి కుట్టేశాను. సూది దిగక బొటనవేలు చీరుకుపోయింది, అయినా వదల్లేదు. పాలిథిన్ సంచీలో పెట్టి అయిదు ముళ్ళు వేసి, కలరా ఉండలు జల్లి, పాతబట్టల కింద పూడ్చేశాను.

పిచిక బడినుంచి వచ్చాక, "కంపెనీ వాళ్ళొచ్చి తీసుకెళ్ళిపోయారే. వాళ్ళదేగా," అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సాక్సులు రెండూ మడతపెట్టి తన పుస్తకాల పెట్టెలో పెట్టుకుంది.

*

బుధవారం సాయంత్రం ట్రంకు తెరిచాను. ముళ్ళు కత్తిరించగానే తడిసిన పాత పుస్తకం వాసన వచ్చింది. ఒర మీద తెల్లటి బూజు. ఇత్తడి రివెట్ల చుట్టూ పచ్చటి చిలుము, మైనంలా పేరుకుపోయి ఉంది. నా కుట్లు మాత్రం నిన్న వేసినట్టున్నాయి, ఒక్కటి కూడా సడలలేదు. చిన్న కత్తెరతో ఒక్కొక్కటే తెంపాను. పిస్తోలు రానంది. మెల్లగా అటూ ఇటూ కదిపితే కదిలి బయటికొచ్చింది. నీలపు నలుపు గొట్టం మీద ఎర్రటి పొక్కులు.

ఒర మూత వెనక్కి తిప్పి చూశాను. పదకొండు రంధ్రాలు.

ముప్ఫై ఏళ్ళుగా గుడ్డ కుడుతున్నాను. గుడ్డలో తప్పు కుట్టు పడితే విప్పి, గోటితో రెండుసార్లు గీకితే రంధ్రం మూసుకుపోతుంది. ఆ అలవాటుతో గోరుతో గీకాను. తడి చేసి గీకాను. పదకొండూ అలాగే నన్ను చూస్తున్నాయి. తోలులో రంధ్రం పడితే అది ఇక ఉన్నట్టే. తోలు కుట్టేవాడి కూతుర్ని, ఆ సంగతి నాకు కుట్టేటప్పుడు తట్టలేదు.

అంతకుముందు దాకా మనసులో ఇంకో అబద్ధం అల్లుకుంటున్నాను. కంపెనీ వాళ్ళే మొన్న తెచ్చి ఇచ్చారే అందామని. ఆ పదకొండు రంధ్రాలూ కోటు గుండీ కుట్టు వరసలో ఉన్నాయి. నా కుట్టుని పిచిక చీకట్లో తడిమినా గుర్తుపడుతుంది.

గురువారం పిస్తోలుని సంచీలో పెట్టి, పైన కూరగాయలు పరిచి, నా మిషన్ బాగుచేసే ఆయన దగ్గరికి బయల్దేరాను. బస్సు గతుక్కుమన్నప్పుడల్లా సంచీని రెండు చేతులా పొట్టకి అదుముకున్నాను. మళ్ళీ, పేలితే పొట్టలోకే కదా అని పక్కకి తిప్పాను. పక్కన కూర్చున్న ముసలావిడ, "గుడ్లున్నాయా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను.

మిషన్ డాక్టరని అందరూ పిలిచే ఆ మనిషి ముక్కు మీది కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు.

"ఏంటి చెల్లెమ్మా, బావగారి మీదికేనా?"

"వేళాకోళం కాదన్నయ్యా. ఆదివారం లోపల ఇది మెరవాలి. గరుకుకాగితం పెట్టి గీకెయ్యి."

"గీకితే మెరుస్తుంది. నల్లపూతా పోతుంది. కొత్తది కొనుక్కొచ్చినట్టుంటుంది, మీ నాన్నది మాత్రం ఉండదు." నూనె రాసి కాసేపు ఉంచి, మెత్తటి ఇనపపీచుతో పొక్కుల మీద మాత్రం వేలికొసతో రుద్దాడు. ఎర్రటి పొడి లేచింది. కింద చిన్న చిన్న గుంటలు తేలాయి, అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా. "ఇవి పోవు. ఇక్కడితో ఆగుతాయి. అది చాలు. ఎన్నేళ్ళు మూసిపెట్టావు?"

చెప్పాను. ఎందుకో మొత్తం చెప్పేశాను.

ఆయన నవ్వలేదు. "ఒర సంగతి నాకు తెలీదు. దానికి మీ అమ్మాయి ఉందిగా."

"దానికి తెలియకూడదనే కదా నీ దగ్గరికొచ్చింది!"

"జబ్బు చేసినదాన్ని డాక్టరుకి తప్ప అందరికీ చూపిస్తానంటే ఎలా?" అని పిస్తోలుని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. "ఆదివారం ఆ పిల్ల పరాయివాళ్ళింటికెళ్ళి దొంగలని అరిచి రావాలా?"

*

శుక్రవారం పిచిక కొట్టుకి వెళ్ళలేకపోయాను. మా ఆయన, "ఏం, మళ్ళీ గుండెదడా? ఈసారి దేనికి, భూకంపానికా?" అన్నాడు. నిజం చెబితే పిచిక ఇక నా గడప తొక్కదు, ఆ కొట్లోనే ఒంటరిగా ఉంటుంది, జ్వరమొచ్చినా చెప్పదు, అని నా ఆలోచన అప్పటికే ఆసుపత్రి దాకా వెళ్ళింది.

శనివారం పొద్దున వెళ్ళి రెండింటినీ దాని బల్ల మీద పెట్టాను. "ఎవరూ తీసుకెళ్ళలేదే. నేనే దాచాను," అన్నాను.

పిచిక చేతిలో పని పక్కన పెట్టింది. తరవాత సొరుగులోంచి బూడిదరంగు సాక్సులు తీసి తొడుక్కుంది. ఇప్పుడవి దాని మణికట్టు దగ్గరే ఆగాయి. పిస్తోలు తీసి వెలుగులో తిప్పింది. గుంటలు చూసింది. ఒర మూత తెరిచి, రంధ్రాల మీద వేలు నడిపింది, ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా.

"కోటు గుండీ కుట్టు," అంది.

"ఊఁ."

"పదిహేడేళ్ళు ఆ పెద్దాయన్ని తిట్టుకున్నానమ్మా. ఆయన పోయాడని తెలిసినప్పుడు కూడా, పోతే పోయాడు అనుకున్నాను."

ఆ సాయంత్రం పోలీసు వేసిన రెండడుగుల గురించి చెప్పాను. దానికది గుర్తే లేదు. "జాడీ పగిలింది, నాకు బిళ్ళలు దొరికాయి, అంతే గుర్తు," అంది.

"నాకు నువ్వు పడిపోవడం గుర్తు."

"నేను పడలేదుగా?"

"పడలేదు. అయినా గుర్తే."

పిచిక నన్ను అలాగే చూసింది. కోపంగానే చూసింది, కాదనను. తరవాత సాక్సు విప్పి ఫోన్ తీసుకుంది. వాళ్ళ నాన్నకి చెబుతుందనుకున్నాను. అది చేసింది కంపెనీ పెద్దాయన మనవరాలికి.

"ఏమండీ, రేపు మీతో ఒక విషయం అడగాలన్నాను కదా, ఇక అడగక్కర్లేదండీ... ఆఁ, దొరికింది. మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ జాగ్రత్త చేసింది... వస్తాను, ఊరికే చూడ్డానికొస్తాను. మీ తాతగారి ఫొటో ఉంటే చూపించండి."

జాగ్రత్త చేసింది అంది. దాచేసింది అనలేదు. బల్ల కింద ఉన్న తోలు ముక్కల బుట్ట పక్కన కూర్చుని ఏడ్చాను.

"లే అమ్మా, ముక్కలు తడుస్తాయి," అంది పిచిక.

ఆ రోజు సాయంత్రం దాకా ఇద్దరం ఒర పని పట్టాం. బూజుని ఆరుబయట నీడలో మెత్తటి బ్రష్‌తో దులిపింది. ఎండలో పెడదామంటే చేతిమీద కొట్టింది. చిలుముని పుల్లలతో గీకే పని నాకిచ్చింది. బూజు పోయిన చోట నాన్న బొటనవేలు నొక్కిన పల్లం, ట్రిగ్గర్ కడియం పక్కన, అలాగే ఉంది. నా వేలు అందులో పట్టలేదు. పిచికది పట్టింది.

"ఈ రంధ్రాలకి ఏం చేద్దామే? పైన ముక్క అతికిస్తే కనబడవేమో."

"ఏమీ చెయ్యొద్దు. ఉండనీ."

"వచ్చినవాళ్ళు అడిగితే?"

"మా అమ్మకి భయమేసిందని చెబుతా."

ఇప్పుడవి చెరో మేకుకీ ఉన్నాయి, మధ్యలో బారెడు దూరం. నెలలో మొదటి ఆదివారం నేను మిషన్ నూనె సీసా పట్టుకుని వెళ్తాను. సాక్సులు నాకే ఇస్తుంది, గుడ్డా నాకే ఇస్తుంది. ఒక్క చుక్క వేసి గుంటల మీదుగా తుడుస్తాను. మొదటి నెల రెండు చుక్కలు పడితే, "చుట్టాలొస్తారమ్మా," అని అరిచింది. అచ్చం నాన్న గొంతే.

తుడిచేటప్పుడు గొట్టాన్ని గోడవైపు తిప్పుకుంటాను.

"సీసం పోసి ఉందమ్మా," అంటుంది పిచిక.

"ఉండనీవే. నువ్వు మాత్రం ఇటు పక్కకి రా," అంటాను. వస్తుంది.